పని మానేసిన కిల్లర్ కణాలు

ఉమాపతి కణాలు పని మానేశాయి.

సోమవారం కమిటీ ముందు ఫలితం చూపించాలి. లేకపోతే ఇన్నేళ్ళ పరిశోధన పక్కన పెట్టి కొత్త విషయం వెతుక్కోవాల్సిందే. విశాఖలోని ఆ పరిశోధనశాలలో అందరికీ ఈ సంగతి తెలుసు. ఉమాపతికి అన్నం సయించడం లేదు.

అవి అల్లాటప్పా కణాలు కావు. రక్తంలో గస్తీ తిరుగుతూ, జబ్బుపడిన కణం కనబడితే ఎవరినీ అడక్కుండా చంపేసే నేచురల్ కిల్లర్ కణాలు. వాటిని రక్తం నుంచి వేరుచేయడంలో ఉమాపతిది అందెవేసిన చేయి. వేరే జాతి కణం ఒక్కటి కలిసినా ఒప్పుకోడు. తీరా అంత శుద్ధి చేశాక, ఆ మొనగాళ్ళు క్యాన్సర్ కణాల పక్కనే కూర్చుని గుడ్లప్పగించి చూస్తున్నారు.

వేరుచేసేటప్పుడు డిష్ అడుగున అంటుకుపోయే కణాలను అతను పారేసేవాడు. పక్క బల్ల మీద పనిచేసే రజియా వాటిని అడిగి పట్టుకెళ్ళి పెంచుకునేది. పెరిగాక అవి మాక్రోఫేజ్‌లవుతాయి. సూక్ష్మజీవి దొరికితే అమాంతం మింగేస్తాయి. అయితే రజియా బాధ రజియాది. మింగడమైతే మింగుతున్నాయి గానీ అరిగించుకోలేకపోతున్నాయి. లోపలికెళ్ళిన సూక్ష్మజీవులు హాయిగా కాపురం పెట్టేశాయి.

“ఓసారి నీవీ నావీ కలిపి చూద్దామా?” అని ఆమె అడిగింది.

“నీ తిండిపోతుల్ని కలుపుకోడానికా నేనింత శుద్ధి చేసింది? రేపు నావి చంపినా నీ వాటి గొప్పే అంటారు” అన్నాడు ఉమాపతి.

శుక్రవారం అతను ప్రొఫెసర్ పద్మాక్షి గారి దగ్గరికి ట్యూబు పట్టుకెళ్ళాడు.

“ఇదే ఆఖరుది మేడం. ఇంతకంటే శుద్ధంగా ఎవ్వరూ చేయలేరు. అయినా కదలట్లేదండీ.”

“ఇలా ఇవ్వు” అని ఆవిడ తీసుకున్నారు. రజియా వైపు తిరిగి, “సూక్ష్మజీవుల్ని మింగిన నీ మాక్రోఫేజ్‌ల డిష్‌లు రెండు పట్రామ్మా” అన్నారు.

గ్లవ్స్ తొడుక్కుని, ఒక డిష్‌ను అలాగే ఉంచి, రెండో దాంట్లో ట్యూబు మొత్తం ఒంపేశారు.

ఉమాపతి ఒక్క అంగలో బల్ల దగ్గరికొచ్చాడు. “మేడం! అది ఆఖరుదండీ!”

“విన్నాను” అన్నారావిడ. “ఇద్దరూ వెళ్ళి భోంచేయండి.”

మర్నాడు డిష్‌లో పైన తేలుతున్న కిల్లర్ కణాలను తీసి, క్యాన్సర్ కణాల పక్కన వేశారు. రెండు డిష్‌లలోని మాక్రోఫేజ్‌ల లోపల ఇంకా బతికున్న సూక్ష్మజీవులు ఎన్నో తెలియడానికి, రజియా వాటిని బయటికి తీసి రెండు ప్లేట్లలో మొలవడానికి వేసింది. చచ్చిన కణానికే నీలిరంగు పడుతుంది. సాయంత్రం ఉమాపతి మైక్రోస్కోపులో చూస్తే ఎటు చూసినా నీలమే. సంతోషం పట్టలేక చిన్నపిల్లాడిలా గెంతాడు.

“చూశావా రజియా! నీవి కాస్త తట్టి లేపాయంతే, నావి ఎలా విజృంభించాయో!”

“ఆ అమ్మాయి ప్లేట్లు కూడా చూసి మాట్లాడు” అన్నారు పద్మాక్షి గారు.

రజియా ప్లేట్లు ఆదివారానికి తేలాయి. విడిగా ఉంచిన మాక్రోఫేజ్‌ల నుంచి తీసిన సూక్ష్మజీవులు ప్లేటు నిండా మొలిచాయి. కిల్లర్ కణాలతో ఉన్నవాటి ప్లేటులో అక్కడో చుక్క, ఇక్కడో చుక్క. కిల్లర్ కణాలు పంపిన సంకేతం అందగానే మాక్రోఫేజ్‌లు మింగినదాన్ని అరిగించుకున్నాయి.

రజియా కళ్ళు తుడుచుకుంది. ఉమాపతి రెండు ప్లేట్లనూ మార్చి మార్చి చూశాడు. అతనికి సిగ్గేసింది. అయినా మనసు ఊరుకోలేదు.

“అయితే మేడం, ముందు ఎవరు ఎవర్ని లేపినట్టు? కమిటీ ముందు ఎవరి పేరు ముందు చెప్పాలి?”

పద్మాక్షి గారు ప్లేటుకు మూత పెట్టారు.

“అది తేలాలంటే మొదట్నుంచీ విడిగా ఉంచి చూడాలి నాయనా. విడిగా ఉంటే రెండూ పడుకునే ఉంటాయి.”

సోమవారం కమిటీవాళ్ళు పేరు పెట్టి పిలిచినా ఉమాపతి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. రజియా మెట్లెక్కి వచ్చాక, ఇద్దరూ కలిసి లోపలికి వెళ్ళారు.