ఫ్లష్ ట్యాంకు కింద మడుగు

ఇలియాస్‌కు ఆ మడుగు మనశ్శాంతి లేకుండా చేసింది.

సముద్రానికి మైలు దూరంలో ఉన్న ఆ సూఫీ ఆశ్రమాన్ని ఊరివాళ్లు ఖాన్‌ఖా అంటారు. అక్కడ శుభ్రత చూసుకునేది ఇలియాసే. శుభ్రమంటే అతనికి ప్రాణం. మనుషులంటే కూడా అంత ఇష్టం ఉంటే బాగుండేది.

వేసవి ముదిరాక మరుగుదొడ్డిలో ఫ్లష్ ట్యాంకు కింద రోజూ నీళ్లు నిలుస్తున్నాయి. అక్కడి తడి అంటిందంటే బట్టలు మార్చుకోవాలి, కాళ్లు కడుక్కోవాలి. లేకపోతే నమాజుకు పనికిరారు. అందుకే ఇలియాస్ గుమ్మంలోనే నిలబడి, ముక్కు మూసుకుని చూశాడు.

పైపు కారుతోందా? ఎలా కారుతుంది? మేడ మీది నీళ్లు ఎండకు మరిగిపోతున్నాయని, బోరు నీళ్లు నేరుగా ఫ్లష్ ట్యాంకులోకి వచ్చేలా నెల కిందట దగ్గరుండి మరీ కొత్త పైపు వేయించాడు. తను వేయించిన పైపు కారే ప్రశ్నే లేదు. అయితే ఇది ఎవరో మనిషి చేస్తున్న పనే.

ఎవరో కాదు, బాలపీరు తాత. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. రోజుకు ఏడెనిమిది సార్లు వెళ్తాడు. వెళ్లిన ప్రతిసారీ మరిచిపోకుండా ఫ్లష్ నొక్కి నీళ్లు వదిలి వస్తాడు. ఆయన వచ్చిన కాసేపటికే మడుగు పెద్దదవుతోంది.

గురువారం భోజనాల దగ్గర, నలభై మంది వింటుండగా ఇలియాస్ అనేశాడు.

"తాతా, ఆపుకోలేకపోతే చెప్పు, మంచం పక్కన డబ్బా పెడతాం. అంతేగానీ నేలంతా పాడు చెయ్యకు."

తాత చేతిలోని ముద్దను పళ్లెంలో పెట్టేశాడు.

"నాకు తెలియలేదు నాయనా," అన్నాడు.

గురువు మొహియుద్దీన్ షా ఆ రోజు ఊళ్లో లేడు. ఆయన్ని అందరూ హజ్రత్ అంటారు. ఆదివారం పొద్దున తిరిగొచ్చి, గురువారం సంగతి విన్నాడు. ఆ మధ్యాహ్నం నమాజు అయ్యాక, పైకి లేస్తూ బాలపీరు తాత కుప్పకూలిపోయాడు.

ఎవరో డాక్టరుకు ఫోన్ చేశారు. తాత తలను హజ్రత్ ఒళ్లో పెట్టుకున్నాడు. తాత కళ్లు తెరిచాడు. పెదాలు ఎండి పగిలిపోయి ఉన్నాయి.

"ఇలియాస్, బోరు దగ్గర చెంబుతో నీళ్లు పట్టుకురా," అన్నాడు హజ్రత్.

ఇలియాస్ స్టీలు చెంబు నిండా నీళ్లు తెచ్చి తాత నోటి దగ్గర పెట్టాడు. తాత మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"వద్దు హజ్రత్. గురువారం నుంచి నీళ్లు తగ్గించాను. అయినా ఆ మడుగు ఆగలేదు. నిన్నటి నుంచి అసలు ముట్టుకోలేదు. పొద్దున చూస్తే మళ్లీ ఉంది. ఇంకేం చెయ్యాలో తెలియడం లేదు."

ఇలియాస్ కిటికీ వైపు చూశాడు. బయట నిప్పులు చెరిగే ఎండ. ఆ ఎండలో మూడు రోజులు! తను అన్నది ఒక్క మాట. ఆ మాటకు ఇంత జరుగుతుందని కల్లో కూడా అనుకోలేదు.

"హజ్రత్, నేను..."

"చెంబు పట్టుకుని అలాగే కూర్చో," అన్నాడు హజ్రత్.

ఇలియాస్ కూర్చున్నాడు. కాసేపటికి ఒళ్లో చల్లగా తగిలింది. తెల్లటి లుంగీ మీద ఒక చుక్క, తర్వాత ఇంకొకటి. చెంబు పైకెత్తి అడుగు చూశాడు. చిల్లు లేదు. నీళ్లు అంచుదాకా అలాగే ఉన్నాయి.

"కారుతోందా?" అడిగాడు హజ్రత్.

"లేదు హజ్రత్. లోపల చల్లటి నీళ్లు కదా, ఈ ఉక్కకి పైన చెమ్మ..."

ఇలియాస్ మరుగుదొడ్డి వైపు తిరిగి చూశాడు.

తాత తలను పక్కనున్నవాడి ఒళ్లోకి మార్చి హజ్రత్ లేచాడు. భుజం మీది తువ్వాలు తీసుకుని నేరుగా మరుగుదొడ్డిలోకి వెళ్లాడు. తలుపు వెయ్యలేదు. వంగి, ఫ్లష్ ట్యాంకు అడుగుభాగాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా తుడిచాడు. తువ్వాలు తడిసి నీళ్లోడుతోంది.

బయటికొచ్చి, అందరూ చూస్తుండగా, ఆ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"అయ్యో హజ్రత్!" అని కేకలు పెట్టారు. ఒకాయన రెండు చేతులతో కళ్లు మూసుకున్నాడు.

"చల్లగా ఉంది," అన్నాడు హజ్రత్.

బాలపీరు తాత ఆ తువ్వాలు వంక, ఇలియాస్ ఒళ్లో తడి వంక మార్చి మార్చి చూశాడు.

"అయితే అది నేను కాదా నాయనా?"

ఇలియాస్ తల ఎత్తలేకపోయాడు. పెదాలు మాత్రం కదిలాయి.

"కాదు తాతా."

తాతకు, హజ్రత్‌కు తప్ప ఎవరికీ వినపడలేదు.

"ముందు ఆయనకు నీళ్లు తాగించు," అన్నాడు హజ్రత్. "తర్వాత ఆ మాట మళ్లీ చెప్పు. గురువారం ఎంత గట్టిగా అన్నావో, అంత గట్టిగా."