ముందుగదిలో అడిగిన ప్రశ్న

పూర్ణయ్యగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ఏ ప్రశ్న వేసినా, అతని ఇంట్లో ఒక పూట భోంచేసిగాని జవాబు చెప్పేవారు కాదు. జీడిపప్పు వ్యాపారి జోగారావుకి ఆ సంగతి తెలుసు కనుక, ప్రశ్ననీ విస్తరినీ ఒకేసారి సిద్ధం చేసుకున్నాడు.

వంటగది బాగుచేయించమని అతని భార్య మంగతాయారు ఎన్నాళ్లుగానో అడుగుతోంది. ఒకప్పుడు ఏ పేరంటంలోనైనా మంగళహారతి ఆమే పాడాలని పట్టుబట్టేవారు. ఇప్పుడు ఎవరైనా ఇంటికొస్తే తలుపు చాటునుంచి రెండు ముక్కలు గొణిగి లోపలికి వెళ్లిపోతోంది. తనింటికి పేరంటాళ్లని పిలవడమే మానేసింది. జోగారావుకి దిగులు లేకపోలేదు. కానీ ఆ దిగులుకీ గోడలకీ ఏం సంబంధమో అతనికి అంతుపట్టలేదు. గురువుగారి చేత ఒక్క మాట అనిపిస్తే ఈ పోరు వదులుతుందనుకున్నాడు.

గురువుగారిని ముందుగదిలో సోఫా మీద కూర్చోబెట్టాడు. అద్దాల బీరువాలో పింగాణీ కప్పులు, నేల మీద తివాచీ. ఆ గది వచ్చేపోయే వాళ్ల కోసం. ఇంట్లోవాళ్లు అందులోకి దుమ్ము దులపడానికే వెళ్తారు. జోగారావు గొంతు సవరించుకుని నిండుగా అడిగాడు.

“ఆత్మకి గోడలతో పనేముంది గురువుగారూ? ఇంటికి సోకులు చేస్తే మనిషి పెరుగుతాడా?”

ఆయన నవ్వి, మంగతాయారమ్మ ఎక్కడ తింటుందో అక్కడే తమ ఇద్దరికీ వడ్డించమన్నారు. కట్టెల పొయ్యి పోయి ఏళ్లయినా ఆ వంటగదిలో మసి పోలేదు. ఉన్న ఒక్క కిటికీకి అడ్డంగా అతని జీడిగింజల బస్తాలే పేర్చి ఉన్నాయి, పట్టపగలే దీపం వెలిగించాలి. మంగతాయారు భర్త కోసం వెండి కంచం తీయబోతే గురువుగారు వారించి, ఆమె తినే సొట్టపళ్లెమే ఇప్పించారు. జోగారావు బస్తాల పక్కన మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే వర్తక సంఘం అధ్యక్షుడు జోగారావుని పేరు పెట్టి పిలుస్తూ ముందుగదిలోకి వచ్చాడు. నలుగురిలో గొంతెత్తి మాట్లాడే జోగారావు కాస్తా కుంచించుకుపోయాడు. పళ్లెం చాటుచేసుకుని, తాను ఊళ్లో లేనని చెప్పమని భార్యతో గుసగుసలాడాడు. మంగతాయారు అతన్నే తేరిపార చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగక, పకపకా నవ్వేసింది.

“చాటునుంచి గొణిగే నా గొంతు మీకెప్పుడొచ్చిందండీ?”

ఆ ఇంట్లో ఆ నవ్వు వినిపించి చాలా కాలమైంది. ఆలుమగలు సరదాగా ఉన్నట్టున్నారు, మనమెందుకులే అనుకుని అధ్యక్షుడు వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

గురువుగారు మజ్జిగన్నం ముగించి అన్నారు. “ప్రశ్న సోఫాలో కూర్చుని అడిగావు నాయనా. ఇక్కడ కూర్చుని ఇంకోసారి అడుగు.”

జోగారావు చెయ్యి కడుక్కుని వచ్చి, మొదటి బస్తా తానే భుజానికెత్తుకున్నాడు. బస్తాలు పెట్టడానికి వేరే చోటెక్కడిది, అన్నీ వెళ్లి సోఫా పక్కనే కొలువుతీరాయి. కిటికీ తెరవగానే పెరటి జామచెట్టు పచ్చదనమంతా లోపలికి వచ్చింది. గోడలకి లేత పసుపు రంగు మంగతాయారే ఎంచుకుంది, అంచున ముగ్గులూ తనే దిద్దుకుంది. పింగాణీ కప్పులు బీరువా దిగి వంటగది అరలోకి నడిచాయి. తొలిసారి ఆ కప్పుల్లో ఒకదానిలో కాఫీ తాగినప్పుడు ఆమె కిటికీ దగ్గర కూర్చుని, చల్లారేదాకా కప్పు చేతిలోంచి దించలేదు.

శ్రావణ శుక్రవారం నాడు గురువుగారు అటుగా వచ్చారు. పేరంటాళ్లందరూ వంటగదిలోనే చేరారు. మంగతాయారు పాట వీధిలోకే వినిపిస్తోంది. జోగారావు ముందుగదిలో బస్తాల నడుమ సోఫా చివర ఇరుక్కుని కూర్చుని ఉన్నాడు, పట్టరాని సంతోషంతో. గురువుగారికి బస్తా జరిపి చోటిస్తూ, తన ప్రశ్నకి ఇంకా జవాబు రానేలేదని గుర్తుచేశాడు.

పూర్ణయ్యగారు హారతి పాట పూర్తయ్యేదాకా కళ్లు మూసుకుని విన్నారు.

“అమ్మని అడుగు నాయనా. ఇప్పుడావిడ చెబితే వినబడుతుంది.”