లిపోవ్కా పొలిమేర

అనగనగా ఏడు సముద్రాల అవతల, చలికాలమంతా మంచు కురిసే పోలండు దేశంలో ఒక రాజు. ఆయనకి ముగ్గురు కొడుకులు. ఆ రాజ్యంలో ఓ మూల లిపోవ్కా అని బుల్లి ఊరు. ఎంత బుల్లిదంటే, ఈ చివర కుక్క మొరిగితే ఆ చివర పిల్లి చెట్టెక్కేది! ఉత్తరాన అడవి, తూర్పున గడ్డిమైదానం, దక్షిణాన ఏరు. పూర్వం తేనె తీసే ఏడు కుటుంబాల వాళ్ళు అడవి కొట్టి కట్టుకున్న ఊరది. రై అనే ధాన్యం పండించుకుంటారు, తేనె తీస్తారు, ఒకరి జోలికి పోరు.

అలాంటి ఊరి మీద చార్నోక్ అనే మాంత్రికుడి కన్ను పడింది. ఊరి హద్దుకి గుర్తుగా వేసిన మూడు పొలిమేర దిబ్బల్నీ మంత్రంతో రోజుకింత లోపలికి జరిపేవాడు. దిబ్బకి అవతల పడ్డ నేలంతా ఊబి అయిపోయేది. పొలాలు పోయాయి, తోటలు పోయాయి, ఇక ఇళ్ళే మిగిలాయి.

పెద్ద రాకుమారుడు సైన్యంతో వచ్చాడు. గుర్రాలు ఊబిలో దిగబడ్డాయి, వెనక్కి పోయాడు. రెండోవాడు ఊరి హద్దులు గీసిన పటాలు పట్టుకొచ్చాడు. మాంత్రికుడు ఉఫ్‌మని ఊదితే గీతలన్నీ చీమలై పాకిపోయాయి, వాడూ వెనక్కి పోయాడు. మూడోవాడు బోగ్దాన్ ఒంటరిగా బయల్దేరాడు. దారిలో ఓ కొంగ కాలికి గుచ్చుకున్న ముల్లు తీశాడు. "నీ మేలు మరవను, నీ వెంటే వస్తా," అంది కొంగ.

ఊరిపెద్ద కూతురు హల్కా ఎదురొచ్చింది. "మీ అన్నలిద్దరూ వచ్చి వెళ్ళారు. తమరెప్పుడు వెళ్తారు?" అంది. ఆ ఒక్క మాటకే బోగ్దాన్ మనసు పారేసుకున్నాడు.

"మీ అసలు పొలిమేర ఎవరికి తెలుసు?" అని అడిగాడు.

ముసలి అగాతా అవ్వ పకపకా నవ్వింది. "నా వీపుకి తెలుసు నాయనా! దిబ్బ వేసేముందు అడుగున బొగ్గులు పోస్తాం. పిల్లల్ని అక్కడే నిలబెట్టి వీపు మీద ఒక్కటిచ్చి, తేనె రొట్టె పెడతాం. బొగ్గు పుచ్చదు, దెబ్బ మరుపుకి రాదు."

బోగ్దాన్‌కి ప్రాణం లేచొచ్చింది. మాంత్రికుడు జరిపింది పైమట్టినే కదా, అడుగు బొగ్గులు పాతచోటే ఉంటాయి! అవ్వనీ హల్కానీ వెంటబెట్టుకుని నేరుగా వాడి దగ్గరికి వెళ్ళాడు. "అయ్యా, ఈ దిబ్బలు మొదట్నుంచీ ఇక్కడే ఉన్నాయా?"

"ఉన్నాయి! అబద్ధమైతే కప్పనైపోతాను!"

మాంత్రికుడి ఒట్టు ఊరికే పోదర్రా! అవ్వ చోటు చెప్పింది, కొంగ ఎగిరి ఊబిలో ముక్కు పొడిచింది. ఒకచోట బొగ్గు. రెండోచోటా బొగ్గు. మూడోచోట బురదే! మాంత్రికుడు విరగబడి నవ్వాడు. హల్కా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఉండండర్రా! దెబ్బ తిని నేను ఏటివైపు పరిగెత్తాను, ఇది పరిగెత్తి ఆగిన చోటు. దెబ్బ తిన్నది ఇంకా ఎడమకి, అక్కడ పొడువు!" అని అరిచింది అవ్వ.

కొంగ పొడిచింది. నల్లటి బొగ్గు! మాంత్రికుడు బెకబెకమన్నాడు, కొంగ గుటుక్కుమనిపించింది. ఊబి నేలంతా రై చేలై తలలూపింది.

"నన్ను చేసుకుంటావా?" అన్నాడు బోగ్దాన్.

"చేసుకుంటా. కానీ కోటకి రాను. ఇంత కష్టపడి దక్కించుకున్న ఊరిని వదిలిపెడతానా?"

దాంతో రాకుమారుడే ఇల్లరికం వచ్చాడు. రాజుగారు కొన్నాళ్ళు మూతి ముడిచి, తేనె రుచి చూశాక రాజ్యం కూడా మూడోవాడికే ఇచ్చేశారు. లిపోవ్కాయే రాజధాని అయింది. బోగ్దాన్ రాజు తుమ్మితే చాలు, ఊరు ఊరంతా కిటికీలు తెరిచి "నూరేళ్ళు!" అని దీవించేది. ఆ దీవెన ఫలించి, హల్కా పక్కన కూచుని నిండా నూరేళ్ళూ ఏలాడు.