కోరలు లేని తాత

హైదరాబాదులోని ఒక బొమ్మల సినిమా స్టూడియోలో చంద్రహాస్ అనే చిత్రకారుడు ఉండేవాడు. చెయ్యి ఎంత చురుకో కళ్లు అంత బద్ధకం. దేన్నైనా సరే, చూడకుండానే గీసేసేవాడు.

విదేశీ కార్టూన్లలో మనవాళ్లు కనబడితే మాత్రం ఒంటికాలి మీద లేచేవాడు. "ఇంటింటికీ పాముబుట్టట! ఏనుగెక్కి ఆఫీసుకెళ్తామట! ఒక్కసారి వచ్చి చూడొచ్చుగా?" అని స్టూడియో దద్దరిల్లేలా అరిచేవాడు.

అలాంటి మహానుభావుడికి తన మొదటి సినిమాలో రాక్షసులు కావాల్సివచ్చారు. ఏదో ఫొటోలో గోండుల గుస్సాడీ నాట్యగాళ్లు కనబడ్డారు. నెత్తిన నెమలీకల టోపీ, ఒంటినిండా బూడిద. ఇంకేం! ఆ వేషాన్ని రాక్షసులకు తగిలించేశాడు. పైగా కోరలు ఉచితం.

"ముందు పిల్లలకు చూపించు. చప్పట్లు పడితేనే విడుదల" అంది నిర్మాత. అక్కడుండేది గోండులేనని కనుక్కోకుండానే చంద్రహాస్ ఆదిలాబాద్ అడవి అంచున ఉన్న ఒక బడికి వెళ్లాడు.

సినిమా మొదలైంది. ఈలలు, కేకలు! చంద్రహాస్ గాల్లో తేలిపోయాడు. ఇంతలో కథానాయకుడు రాక్షసుణ్ని తన్నాడు. నెమలీకల టోపీ మట్టిలో పడింది.

మూడో తరగతి సోనుబాయి లేచింది. "సార్, మా తాతను ఎందుకు తన్నిండు?"

"మీ తాత కాదమ్మా, రాక్షసుడు!"

"మా తాతనే. దండారి పండుగకు గట్లనే తయారైతడు. ఏ ఊరికి పోయినా దేవుడొచ్చిండని కాళ్లు కడుగుతరు. ఆ టోపీకి మొక్కుతం సార్, తన్నం." మళ్లీ తనే, "అయినా కోరలెక్కడివి? మా తాతకు పండ్లే లేవు!" అంది.

పిల్లలంతా ఘొల్లుమన్నారు.

"ఒక్కసారి వచ్చి చూడరాదు సార్?"

ఆ మాట ఎక్కడో విన్నట్టుంది చంద్రహాస్‌కి. ఎక్కడో ఏమిటి, తన నోటివెంటే!

దీపావళి ముందు దండారి మొదలవగానే సోనుబాయి ఊళ్లో వాలాడు. డప్పులు మోగాయి, గజ్జెలు ఘల్లుమన్నాయి. బోసినోటి తాత అతని చెయ్యి పట్టి ఆటలోకి లాగాడు. పట్నం సారు నాలుగు అడుగులకే ఆయాసపడ్డాడు. తాత మాత్రం తెల్లారేదాకా ఆడాడు!

చంద్రహాస్ తిరిగొచ్చి సినిమాను మళ్లీ గీశాడు. ఈసారి గుస్సాడీలు కథానాయకుడి ఊరికి అతిథులై వచ్చారు. అదే బడిలో పిల్లలు బెంచీలెక్కి చప్పట్లు కొట్టారు. సోనుబాయి ఒక్కతే కళ్లు చిట్లించింది.

"బాగుంది సార్. గనీ, తాతకు ఆ ఒక్క పన్ను ఎందుకు పెట్టినవ్?"

చంద్రహాస్ నవ్వుతూ ఆ పన్ను కూడా పీకేశాడు. సినిమా విడుదలైంది.

మనల్ని చూడకుండా ఎవరైనా బొమ్మ గీస్తే మనకెంత మండుతుందో, మనం గీసినా ఎదుటివాళ్లకు అంతే మండుతుంది. అందుకే, ఎవరి గురించి చెప్పాలన్నా ముందు వాళ్ల గడప దాకా వెళ్లి చూసి రావాలి.