వెండి కళ్ళు పోగొట్టుకున్న మస్తానమ్మ

మంచిమాట కోసం వచ్చి ఆదెమ్మ గారిని ఎవరు ఏది అడిగినా ఆమె వెంటనే జవాబు చెప్పేది కాదు. ముందు ఏదో ఒక పని చేతికిచ్చేది. చింతపండులో గింజలు తీయమనేది, వాకిలి చిమ్మమనేది. "చెబుతాలే, ముందు ఇది కానియ్యి" అనేది. పని అయ్యేసరికి కొందరు అడిగిన సంగతే మర్చిపోయేవాళ్ళు. కొందరు జవాబు దొరికినట్టు నవ్వుకుంటూ పోయేవాళ్ళు. ఏమీ దొరక్క గొణుక్కుంటూ పోయినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ గురించి ఆమె పెద్దగా బెంగపడేది కాదు. మళ్ళీ వస్తారులే అనేది.

సామ్రాజ్యం అలా మళ్ళీ వచ్చిన మనిషే. ఒకప్పుడు ఆదెమ్మ గారి పాకలో భజన జరిగిందంటే సామ్రాజ్యం గొంతే ముందు వినపడేది. తర్వాత ఆమె మొగుడికి జబ్బు చేసింది. సామ్రాజ్యం చెయ్యని పూజ లేదు, మొక్కని దేవుడు లేడు. అయినా మనిషి దక్కలేదు. కర్మకాండలు అయిపోయిన మర్నాడు ఆమె గోడమీది దేవుడి పటాలన్నీ దింపి, పాతచీరలో మూటకట్టి, తీసుకెళ్ళి కాలవలో పారేసింది. గట్టుమీద నిలబడి, "నువ్వనేవాడివి ఉంటే గదా నా మొర వినపడటానికి!" అని గట్టిగా అరిచింది. ఆ తర్వాత దీపం పెట్టలేదు. ఆదెమ్మ గారి పాక వైపు రాలేదు. కోపం ఎంతకాలమో ఉండలేదు గానీ, కోపం పోయిన చోట భయం వచ్చి కూర్చుంది. ఎవరింట్లో అన్నా హారతి గంట వినపడితే చాలు, వీధి మారి పోయేది.

చివరికి ఒకరోజు ఉండబట్టలేక వచ్చి ఆదెమ్మ గారి ముందు కూర్చుంది. నేలకేసి చూస్తూ అడిగింది.

"అమ్మా, నేను ఆయన్ని కాలవలో పారేశాను. ఆయన మటుకు నన్నెందుకు దగ్గరకు రానిస్తాడు?"

ఆదెమ్మ గారు ఆమె మొహంలోకి చూసి, "వచ్చేవారం కొండ తిరునాళ్ళ. మజ్జిగ పందిరి వేస్తున్నాం. చేతులు చాలటంలేదు. వచ్చి సాయం చెయ్యి" అంది.

"కొండ మీదకి మటుకు రానమ్మా. నా వల్ల కాదు."

"నిన్ను పైకి రమ్మని ఎవరన్నారే? మజ్జిగ కిందే గదా పోసేది."

అలా సామ్రాజ్యం తిరునాళ్ళకు వచ్చింది. కొండ మొదట్లో తాటాకు పందిరి, కింద మట్టికుండలు, వాటిల్లో అల్లం, కరివేపాకు దంచి వేసిన మజ్జిగ. పొద్దున్నించీ వంచిన నడుము ఎత్తకుండా పోస్తూనే ఉంది. జనం మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, శివయ్యకు దణ్ణం పెడుతూ మెట్లెక్కి పోతున్నారు. ఆమె ఆ మెట్లవైపు చూడకుండా ఉండటానికి వీపు అటు పెట్టి నిలబడింది.

పందిరికి ఎదురుగా కాస్త దూరంలో మైకు పందిరి ఉంది. తప్పిపోయినవాళ్ళ పేర్లు అక్కడ పిలుస్తారు. మైకులో మాట్లాడే ఆయనకు తన గొంతంటే తనకే ముద్దు. ఒక్కో మాటా సాగదీసి చెబుతున్నాడు.

"గమనించగలరు! నాగిరెడ్డివారిపాలెం నుంచి వచ్చిన మస్తానమ్మ గారు ఎక్కడ ఉన్నా మైకు పందిరి దగ్గరకు రావలసిందిగా కోరుతున్నాము. మీ కోడలు శివపార్వతి, మనవడు వీరాంజి ఎదురుచూస్తున్నారు. మస్తానమ్మ గారు పచ్చచీర కట్టుకున్నారు. ఎడమ చెవికి కమ్మ లేదు. కుడికాలు కాస్త ఈడుస్తారు."

అదే మాట మళ్ళీ పిలిచాడు. కాసేపటికి మళ్ళీ. తర్వాత మైకులో గరగరమని చప్పుడైంది. "ఇటియ్యవయ్యా నేను చెబుతా" అని ఒక ఆడగొంతు. "అమ్మా, మైకు లాగకూడదమ్మా" అని ఆయన. ఆ వెంటనే ఆడగొంతే కొండకు తగిలి తిరిగొచ్చింది.

"అత్తా! యాడున్నావ్ అత్తా! మాత్ర కూడా వేసుకోలేదు నువ్వు. ఎండలో పడి తిరగబాక. ఉన్నచోట ఎవరినైనా అడుగు, తీసుకొస్తారు. మేం ఈడనే ఉన్నాం. నువ్వొచ్చేదాకా యాడికీ పోం."

జనంలో కొందరు నవ్వారు. సామ్రాజ్యం కూడా నవ్వుకుంటూ ఖాళీకుండ తీసుకుని పందిరి వెనక్కి వెళ్ళింది. అక్కడ బోర్లించిన కుండల మధ్య ఒక ముసలామె తలమీద కొంగు కప్పుకుని, మోకాళ్ళలో మొహం పెట్టుకుని కూర్చుని ఉంది. పచ్చచీర. ఎడమ చెవి బోసిగా ఉంది.

"పెద్దమ్మా! నువ్వు మస్తానమ్మవు కాదూ? నిన్నే పిలుస్తున్నారు, వినపడటంలేదా?"

ముసలామె గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, అరవబాక. నీకు పుణ్యముంటది. నేనీడ ఉన్నట్టు చెప్పమాక."

సామ్రాజ్యానికి ఏం చెయ్యాలో తోచలేదు. ముందువైపుకు వచ్చి ఆదెమ్మ గారితో చెప్పింది. ఆదెమ్మ గారు గ్లాసులు కడుగుతూ తల కూడా ఎత్తలేదు.

"నువ్వు చూసిన మనిషి. సంగతేందో నువ్వే చూడు."

"మీరైతే మంచిమాట చెబుతారుగా అమ్మా."

"నాకు చేతులు ఖాళీ లేవు. ఆమెకు కాసిని మజ్జిగ పట్టుకుపో."

సామ్రాజ్యం గ్లాసు తీసుకెళ్ళి ముసలామె ముందు పెట్టింది. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"దేవుడి మజ్జిగ నేను తాగకూడదమ్మాయ్."

"ఇది దేవుడిది కాదులే పెద్దమ్మా, ఆదెమ్మ గారిది. తాగు. పెదాలు ఎండిపోయినయ్."

తాగింది. తాగాక కళ్ళవెంట నీళ్ళు కారాయి. ఒక్కో మాటే బయటకొచ్చింది. మనవడి కంట్లో తెల్లగా పువ్వు వేసింది. డాక్టర్లు చూశారు, మందులు పోశారు. కన్ను దక్కుతుందో లేదోనని ఇల్లంతా ఏడ్చింది. అప్పుడు మస్తానమ్మ కొండమీది శివయ్యకు మొక్కుకుంది. వాడి కన్ను నిలబెడితే వెండి కళ్ళు చేయించి నీ పాదాల దగ్గర పెడతానని. కన్ను నిలబడింది. కళ్ళు చేయించారు. ఇంటిదగ్గర బయల్దేరేటప్పుడు కోడలు, "నా సంచిలో వెయ్యత్తా" అంది. మస్తానమ్మ వింటేనా! మొక్కింది నేను, తెచ్చేదీ నేనే అని కొంగున ముడేసుకుంది. ఎత్తుగా కట్టిన ప్రభ బండి వచ్చినప్పుడు జనం ఒక్కసారిగా తోసుకొచ్చారు. ఆ తొక్కిడి తగ్గాక చూసుకుంటే కొంగు ఊడి ఉంది. ముడి లేదు, కళ్ళు లేవు.

"ఎవరికీ చెప్పకుండా వెనక్కి పరిగెత్తా అమ్మాయ్. నేలంతా వెతికా. కాళ్ళ కింద దూరి వెతికా. వాళ్ళు నన్ను ఎందుకు పిలుస్తున్నారో నాకు తెలవదా? కళ్ళు యాడ పెట్టావని అడగటానికే."

సామ్రాజ్యం ఆమె పక్కనే చతికిలబడింది.

"పొద్దుటినుంచీ నేనూ వింటున్నా పెద్దమ్మా. చీర చెప్పారు. చెవి చెప్పారు. కాలు చెప్పారు. మాత్ర చెప్పారు. ఆ మైకులో కళ్ళ మాట ఒక్కసారన్నా విన్నావా?"

ముసలామె ఆలోచించింది. "మైకులో అందరి ముందూ ఎట్టా అడుగుతారే? దగ్గరకెళ్ళాక అడుగుతారు."

"అడగనీ. అడిగితే నీ పక్కన నేనుంటాగా."

"కోడలి సంగతి సరే. తిడతది, పడతా. తిట్టి తనే అన్నం పెడతది, అట్టాంటి పిల్లే అది." మస్తానమ్మ గొంతు తగ్గించింది. "ఆయనతోనే నా భయం. ఆయన తిట్టడు గదా. తీసుకుంటాడు. ఇస్తానన్నది ఇవ్వలేదని, వాడికిచ్చిన కన్ను మళ్ళీ..." ఆ పైన చెప్పలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆయన తీసుకుంటాడన్న సంగతి సామ్రాజ్యానికి ఒకరు చెప్పాలా? ఇన్నాళ్ళూ తను అనుకుంటున్నదీ అదే. ఊరికే ఆమె వీపు నిమురుతూ కూర్చుంది. అంతలో మైకులో మళ్ళీ ఆ పిల్ల గొంతు. ఈసారి చీర రంగు గట్రా ఏమీ లేవు. "అత్తా, అత్తా" అని రెండుసార్లు పిలిచి ఏడ్చేసింది.

మస్తానమ్మ తల ఎత్తింది. కోడలి ఏడుపు విని ఇక కూర్చోలేకపోయింది. నేలమీద చెయ్యి ఆనించి లేవబోయింది, సామ్రాజ్యం పట్టుకుంది. ఇద్దరూ జనంలోకి నడిచారు. నాలుగడుగులు వేసేసరికి ముసలామె ఆగిపోయేది. "పోదాంలే అమ్మాయ్, వెనక్కి పోదాం" అనేది. సామ్రాజ్యం చెయ్యి వదల్లేదు.

మైకు పందిరి ఇంకా దూరంగానే ఉంది. ఇంత జనం అడ్డం. ఆ జనం తలల మీదుగా ఒక పిల్లాడి కేక వినపడింది.

"అదుగో! అదుగో నాయనమ్మ! ఆ పచ్చచీర! ఎవరో అత్త పట్టుకొస్తంది!"

మైకాయన బల్లమీదకెక్కి నిలబడి ఉన్నాడు వీరాంజి. అంత దూరం నుంచి, అంత దుమ్ములోంచి వాడే ముందు చూశాడు. బల్ల మీదనుంచి దూకి, జనం కాళ్ళ మధ్యనుంచి దూరి వచ్చి ఆమె నడుము పట్టుకున్నాడు. మస్తానమ్మ వాడి గడ్డం పట్టి మొహం ఎండకు తిప్పింది. కంటిరెప్ప విప్పి చూసింది. కన్ను మచ్చ లేకుండా తేటగా ఉంది.

"నువ్వేనా ముందు చూసింది నాయనా? నువ్వేనా నన్ను చూసింది?" అని తడబడుతూ అడుగుతోంది.

"నేనే చూశా. అమ్మకి కనపళ్ళా. వదులు నాయనమ్మా, కంట్లో ఏలు పెట్టబాక!"

ఈలోగా శివపార్వతి రానే వచ్చింది. జుట్టు ఊడి, మొహమంతా చెమట. వచ్చీరాగానే అందుకుంది.

"బుద్ధుందా అత్తా నీకు? చిన్నపిల్లవా చెయ్యి వదిలించుకుని పరిగెత్తటానికి? ఎంతమందిని అడిగాననుకున్నావ్? ఆ మైకాయన నన్ను చూసి విసుక్కుంటన్నాడు. ముందు ఈ మాత్ర మింగు."

మస్తానమ్మ మాత్ర చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. "కళ్ళు పోయినయ్యే పార్వతీ" అంది చిన్నగా.

"నాకు తెలుసు."

"తెలుసా?"

"కొంగు ఊడిపోయి నువ్వు వెనక్కి పరిగెత్తినప్పుడే తెలుసు. ఆగత్తా, ఆగత్తా అని అరిచా. నువ్వు ఆగితేగా? మింగు ముందు."

మస్తానమ్మ మాత్ర మింగింది. సామ్రాజ్యం మాత్రం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. పొద్దుటినుంచీ విన్న పిలుపులన్నీ ఆమె చెవిలో మళ్ళీ మొదలైనట్టు అయింది. పచ్చచీర. బోసి చెవి. ఈడ్చే కాలు. పోయినదేదో తెలిసి ఉండి కూడా, ఆ మాట ఒక్కటే అనకుండా పిలిచింది ఈ పిల్ల.

"మరి పైకి ఏం మొహం పెట్టుకుని పోదామే?" అంటోంది మస్తానమ్మ.

"ఉన్న మొహమే. పోయి ఉన్నమాట చెప్పుకుందాం."

"నేను చెబుతాలే నాయనమ్మా" అన్నాడు వీరాంజి. "మా నాయనమ్మ పారేసుకుంది, నాకైతే బానే కనపడతంది అని చెబుతా."

ముసలామె ఏడుస్తూనే నవ్వింది. పోతూ పోతూ సామ్రాజ్యం చెంపలు నిమిరి, మెటికలు విరిచింది. ఒక చెయ్యి కోడలు, ఒక చెయ్యి మనవడు పట్టుకుంటే, కాలు ఈడ్చుకుంటూ మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఆ పచ్చచీర కనపడినంతసేపూ సామ్రాజ్యం చూస్తూ నిలబడింది. మెట్లవైపు చూడకూడదన్న సంగతి అప్పుడు గుర్తులేదు.

పందిరికి తిరిగొచ్చి మళ్ళీ గరిటె పట్టుకుంది. ఎండ మళ్ళేదాకా మజ్జిగ పోసింది. జనం పలచబడ్డాక ఆదెమ్మ గారి దగ్గరకొచ్చి కూర్చుంది.

"ఆ పిల్లకి ముందే తెలుసంటమ్మా."

"ఊఁ."

"తెలిసే పిలిచింది."

ఆదెమ్మ గారు కడిగిన గ్లాసులు ఒకదాంట్లో ఒకటి దూరుస్తోంది. సామ్రాజ్యం కొంగుతో మొహం తుడుచుకుంది. ఎన్నాళ్ళనుంచో గుండెమీద ఉన్న బరువు ఎవరో దించి పక్కన పెట్టినట్టు తేలిగ్గా ఊపిరి తీసుకుంది. లేచి రెండడుగులు మెట్లవైపు వేసింది. మళ్ళీ ఆగి వెనక్కి తిరిగింది.

"అమ్మా, నేనూ ఒక్కసారి పైకి పోయొస్తా. కానీ చేతిలో కొబ్బరికాయన్నా లేదు. అంత చేసినదాన్ని, ఒట్టి చేతులతో ఎట్టా పోనమ్మా?"

ఆదెమ్మ గారు పొద్దుటినుంచీ మొదటిసారి పని ఆపి, ఆమెకేసి చూసి నవ్వింది.

"మస్తానమ్మ ఏం పట్టుకుని ఎక్కిందే?"