పొరుగూరి ఎద్దు, ఎండుచేపల గంప

వెదురుతోపు అంచున జంతువులకో బడి ఉండేది. అక్కడ చదువంతా ముక్కుతోనే. వాసన పరీక్ష నెగ్గినవాళ్లకి కోళ్లగూటి కాపలా ఇస్తారు. ఎవరూ నెగ్గకపోతే ఆ కాపలా బడి గుమాస్తా చూసుకోవాలి. గుమాస్తా నక్క.

ఆ ఏడు ముంగిస మాణిక్యం పరీక్షకి వచ్చింది. ఆ గూటిని ఒకప్పుడు వాళ్ల అమ్మమ్మ కాపాడింది, తర్వాత అమ్మ. మాణిక్యం దేవుణ్ణి తలుచుకుని పుట్ట దగ్గర ముక్కు ఆనించి, "పాముంది మేష్టారూ" అంది.

కుక్క వీరయ్య మేష్టారు మూతి పెట్టి చూసి, గట్టిగా తుమ్మారు. "ఏ వాసనా లేదు. ఖాళీ పుట్ట. తప్పావు."

పక్కనే నిలబడ్డ నక్క ఆ మాటే గబగబా రాసేసుకుంది.

మాణిక్యం ఆ నక్క దగ్గరికే వెళ్లి, పుట్టని ఇంకెవరిచేతనైనా మళ్లీ చూపించమని బతిమాలింది.

"చూపించకేం తల్లీ" అని నక్క లోపలికెళ్లి, ఆ మేష్టారినే అడిగి వచ్చింది. "పెద్దలు చూశారమ్మా. తప్పే. ఇదే బడి ఆఖరి మాట. కోళ్లని నేను చూసుకుంటాలే, బెంగపడకు."

గూటిలోంచి కోడి రంగమ్మ గొణిగింది: "అది చూసుకుంటానంటేనే కదే నా బెంగ."

మాణిక్యానికి అమ్మమ్మ చెప్పింది గుర్తొచ్చింది. బడి ఆఖరి మాట చెప్పేశాక, పొరుగూరి ఎద్దు బసవయ్య వింటాడట. అంతకుముందు వెళ్తే వెనక్కి పంపేస్తాడట. వెంటనే కాలవ దాటింది.

బసవయ్య నెమరేస్తూ, మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. తన మాట చివరిదాకా విన్నది ఆయనొక్కడే అని మాణిక్యానికి కళ్లు చెమర్చాయి.

"మేష్టారిమీద కోపమా అమ్మా?"

"లేదు తాతా. పాపం, పరీక్షప్పుడూ తుమ్ములే, నేను వచ్చేటప్పుడూ తుమ్ములే."

బసవయ్య నెమరు ఆపాడు.

మర్నాడు వీపున ఒక గంపతో బడికి వచ్చి, దాన్ని మేష్టారి ముందు దించాడు. పైన గడ్డి కప్పి ఉంది. రంగమ్మ నాలుగడుగులు వెనక్కి తగ్గింది. నక్క తోకతో ముక్కు మూసుకుని, "నీకు వాసనల చదువు వచ్చా, తీర్పు చెప్పడానికి?" అంది.

"రాదు నాయనా. పుట్టలో ఏముందో నేను చెప్పను. సరిగ్గా చూశారో లేదో అడుగుతానంతే. మేష్టారూ, ఇందులో ఏముంది?"

వీరయ్య నిండా గాలి పీల్చారు. "గడ్డేగా."

బసవయ్య గడ్డి తొలగించాడు. కింద ఎండుచేపలు. మేష్టారి చెవులు వాలిపోయాయి.

"గుమాస్తా, ఈ జలుబు సంగతి నీకు తెలీదా?"

"నాకేం తెలుసు?"

"అయితే ఆ తోక ఎందుకు అడ్డం? నీ ముక్కు బాగానే ఉందే. పుట్ట దగ్గరా ఉన్నావు. పాము వాసన నీకూ తగిలుంటుంది."

నక్క తోక దించింది.

"మాణిక్యం నెగ్గిందని నేననను" అన్నాడు బసవయ్య. "ఇంకో ముక్కు చూడాలి."

బసవయ్య పిలిస్తే ఎలుగుబంటి వచ్చి పుట్టలో మూతి పెట్టి, ఒక్క గెంతులో వెనక్కి వచ్చింది. "నాగుపాము. ముందే చెప్పొద్దూ?"

వీరయ్య మాణిక్యం దగ్గరికి వచ్చారు. "ముక్కు పోయిందని చెప్పుకోడానికి సిగ్గుపడ్డానమ్మా. మనసులో పెట్టుకోకు."

"నాకు వాసన నేర్పింది మీరే కదండీ" అంది మాణిక్యం.

గుమాస్తా పని ఊడిపోయింది. ఎండుచేపల గంపని కాలవ దాకా నక్కే మోసింది, తోక అడ్డం పెట్టుకోడానికి వీల్లేకుండా.

మాణిక్యం ఇప్పటికీ పొద్దున్నే గూటి కాపలాకి వెళ్లేముందు దండాలు పెట్టుకుంటుంది. దారి చెప్పిన అమ్మమ్మకొకటి, కాలవ వైపు తిరిగి బసవయ్యకొకటి.

నీతి: తీర్పు చెప్పినవాళ్లనే మళ్లీ అడిగితే పాతమాటే వస్తుంది, ఏ పక్షమూ లేనివాళ్లు వింటేనే న్యాయం బయటపడుతుంది.