నాలుగో పలక

అడుగు పలకలు నాలుగుండాలి. మూడే ఉన్నాయి. భానుచందర్ నాలుగు రోజులుగా లెక్కపెడుతున్నాడు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా మూడే.

వికారాబాద్ దాటి అడవి దారిలో పోతే ఒక గుట్ట మీద చిదంబరమ్మగారి ఆశ్రమం ఉంది. ఆవిడ శిష్యుల్లో ఒకాయనకి హైదరాబాదులో హోటలుంది. ఆయన ఆశ్రమానికి కట్టెల మంట మీద పిజ్జా కాల్చే ఓవెన్ పంపించాడు, విడి భాగాలుగా, మూడు చెక్కపెట్టెల్లో. కింద ఊళ్లోని హాస్టలు పిల్లలు నెలకోసారి ఆశ్రమానికి వస్తారు. ఈసారి వాళ్లకి పిజ్జా పెడతానని భానుచందర్ మాటిచ్చేశాడు. ఒకప్పుడు కంపెనీలో ముప్ఫైమందిని నడిపించిన మనిషి. మూడేళ్ల కింద ఉద్యోగం మానేసి, శాంతి కావాలని ఆశ్రమానికొచ్చాడు. శాంతి ఇంకా దొరకలేదు, ఇప్పుడు పలక కూడా దొరకడం లేదు.

పని చెప్పుకోడానికి తేలికే. ముందు గద్దె కట్టాలి. దాని మీద నాలుగు పలకలూ పరిచి, వాటి మీద గుమ్మటం ముక్కలు నిలబెట్టి అతకాలి. ఆ తర్వాత వారం రోజులు చిన్న చిన్న మంటలు వేసి ఆరబెట్టాలి. ఊళ్లోంచి బుగ్గయ్య మేస్త్రి వచ్చి రెండు రోజుల్లో గద్దె కట్టేశాడు, నీళ్లు పోస్తే ఎటూ జారనంత మట్టంగా. నాలుగో పలక లేక పని అక్కడే ఆగిపోయింది.

ఆ పలక ఎక్కడుందో నేను చెప్పేస్తాను, దాచిపెట్టి ఊరించడం నాకు చేతకాదు. సోమవారం పెట్టెలు విప్పుతుంటే చిదంబరమ్మగారు చూడ్డానికి వచ్చారు. అమ్మ వస్తే దగ్గరున్నవాళ్లు ఏదో ఒకటి వేసి కూర్చోబెట్టడం అక్కడి అలవాటు. మూడేళ్లలో ఆ అలవాటు భానుచందర్ చేతులకి బాగా పట్టుబడింది. ఫోన్లో ఎవరితోనో వాదించుకుంటూనే, చేతికందిన పలక ఒకటి తీసి రేకుల నీడలో పెట్టి, దాని మీద తన తుండు పరిచి, "కూర్చోండమ్మా" అన్నాడు. ఆవిడ కాసేపు కూర్చుని, ఆ మధ్యాహ్నమే కంటి డాక్టరుకి చూపించుకోడానికి హైదరాబాదు వెళ్లిపోయారు.

అమ్మ కూర్చున్న పీటని ఆశ్రమంలో ఇంకెవరూ కదపరు. వంటచేసే తుల్జమ్మ దాని చుట్టూ ఊడ్చి, రోజూ రెండు గన్నేరుపూలు పెట్టేది. భానుచందర్ కూడా పొద్దున్నే దానికి దండం పెట్టుకుని, అప్పుడు పలక కోసం వెతుకులాట మొదలుపెట్టేవాడు.

పెట్టెలు తిరగేశాడు. పెట్టెల్లోని గడ్డి తిరగేశాడు. ఓవెన్ తయారుచేసిన కంపెనీకి ఫోన్ చేస్తే, పోయిన వస్తువు ఫొటో పంపమన్నారు. పోయినదాన్ని ఫొటో ఎలా తీస్తారని అడిగితే, ఫొటో లేకుండా ఫిర్యాదు తీసుకోవడం కుదరదన్నారు.

"గంత పరేషాన్ ఎందుకు సారూ, ఒక షాబాదు బండ ఎయ్యరాదు" అంది తుల్జమ్మ.

"వేడికి పేలిపోతుంది."

"అయితె పెనం మీద రొట్టెలు జేస్త. పోరగాళ్లు తింటరు."

భానుచందర్ ఆవిడకి జవాబు చెప్పలేదు. చెబితే అరుస్తానని భయం. ఎందుకంటే అప్పటికే ఒకసారి అరిచేశాడు.

అది మంగళవారం సాయంత్రం. పలకలు మూడే ఉన్నాయని తెలిసిన కాసేపటికి, బుగ్గయ్య గోనెసంచి బండికి కట్టుకుని ఇంటికి బయల్దేరుతున్నాడు. ఆ సంచి బరువుగా వేలాడుతుంటే చూసి భానుచందర్‌కి చిర్రెత్తుకొచ్చింది. ఇద్దరు కూలీలు, పాలు తెచ్చిన మనిషి, తుల్జమ్మ అందరూ అక్కడే ఉన్నారు.

"ఆగు. ఆ సంచి విప్పు" అన్నాడు, గుట్ట కింది దాకా వినపడేలా.

బుగ్గయ్య సంచి విప్పి నేల మీద కుమ్మరించాడు. తాపీ, సుత్తి, మట్టపుగుండు, ఖాళీ టిఫిన్ డబ్బా.

అక్కడితో ఆగి ఉండాల్సింది. ఆగలేదు. "ఇక్కడ లేకపోతే ఇంటికి చేర్చేసి ఉంటావు. దొంగబుద్ధులు" అన్నాడు.

బుగ్గయ్య సామానంతా మళ్లీ సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత రాలేదు.

శనివారం పొద్దున చిదంబరమ్మగారు తిరిగొచ్చారు. నేరుగా రేకుల నీడలోకి వెళ్లి, పూలు పక్కన పెట్టి, కూర్చున్నారు. భానుచందర్ ఎదురుగా నిలబడి, నాలుగు రోజుల ఉక్రోషమంతా వెళ్లగక్కాడు. కంపెనీవాళ్లు మోసగాళ్లన్నాడు, ఆశ్రమంలో ఎవరికీ బాధ్యత లేదన్నాడు, ఇలాంటివాళ్లతో పని చేయించడం తనవల్ల కాదన్నాడు.

ఆవిడ అంతా విన్నారు. "బుగ్గయ్య ఏడీ?" అని అడిగారు.

భానుచందర్ అదీ చెప్పాడు. తను అన్న మాట కూడా చెప్పాడు. తప్పుగా అన్నానని అతనికి అప్పటికీ తోచలేదు.

చిదంబరమ్మగారు లేచి నిలబడ్డారు. వంగి, పీట మీది తుండు తీసి దులిపి, మడతపెట్టి అతని చేతికిచ్చారు. "నీదే కదా" అన్నారు.

తుండు కింద నాలుగో పలక ఉంది. మూలన కంపెనీ అంటించిన నంబరు కాగితం కూడా అలాగే ఉంది.

భానుచందర్‌కి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కానీ ఆ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు. పలక దొరికిందన్న సంతోషం దాన్ని తోసుకుని పైకొచ్చేసింది. పలకని రెండు చేతులతో ఎత్తి గద్దె దగ్గరికి పరుగుతీశాడు.

"ఇప్పుడు మొదలుపెడితే రేపటికి గుమ్మటం నిలబడుతుందమ్మా. వారం మంటలు. పిల్లలు వచ్చే ఆదివారానికి సరిగ్గా సరిపోతుంది."

"బుగ్గయ్యకి చెప్పవా?"

"చెప్తానమ్మా. సాయంత్రం ఫోన్ చేస్తాను. ముందు ఇది కానివ్వండి."

"ఆ పలక నాలుగు రోజులు ఆగింది. ఇంకో పూట ఆగుతుంది" అని ఆవిడ చెప్పులు వేసుకుని గుట్ట దిగడం మొదలుపెట్టారు. ఆవిడకి డెబ్భై దాటాయి, కళ్లకి నల్లద్దాలున్నాయి. ఒంటరిగా పోనివ్వలేడు కాబట్టి భానుచందర్ పలక దించి, పళ్లు కొరుక్కుంటూ వెనకాలే నడిచాడు. ఎండ ఎక్కుతోంది. ఒక పూట పని దండగైందని దారంతా లెక్కవేసుకుంటూనే ఉన్నాడు.

బుగ్గయ్య ఇల్లు ఊరి నడుమ, నల్లా పక్కనే. బిందెలు పట్టుకుని ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఎదురుగా చాయ్ దుకాణంలో నలుగురైదుగురు మగవాళ్లు కూర్చున్నారు. అమ్మని చూడగానే బుగ్గయ్య లోపల్నించి వచ్చి అరుగు మీద బొంత పరిచాడు. వయసు మీరని మనిషే, నాలుగు రోజుల్లో వంగిపోయినట్టున్నాడు. అతని భార్య మల్లమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి అమ్మకిచ్చింది. భానుచందర్‌కి ఇవ్వలేదు.

"నాలుగు దినాల సంది ఇంట్లనే ఉంటుండమ్మా" అంది మల్లమ్మ. "గోవిందు సేటు ఇల్లు మొదలువెట్టాలె. ఈన మీద గిట్ల మాటొచ్చిందట గద, వేరేటోళ్లను వెట్టుకుంటనని కబురంపిండు. పాతికేండ్ల సంది ఎవ్వలింట్లనన్న ఒక్క మొల వోయిందా అడుగుండ్రి."

"నువ్వు ఊకో" అన్నాడు బుగ్గయ్య.

భానుచందర్‌కి దారంతా వేసుకున్న లెక్కలు ఎటు పోయాయో తెలియలేదు. అరుగెక్కి బుగ్గయ్య పక్కకి వెళ్లి, చెవిలో చెప్పినట్టుగా అన్నాడు.

"అది దొరికింది బుగ్గయ్యా. నేనే పెట్టి మరిచిపోయాను. తప్పు నాదే. ఏమనుకోకు."

బుగ్గయ్య నేల చూపులు చూశాడు. "సరే సారు" అన్నాడు. అనకపోతే ఏం చేస్తాడు.

మల్లమ్మ చెంబు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నల్లా దగ్గర ఎవరో నవ్వారు, వాళ్ల కబుర్లేవో వాళ్లవి. భానుచందర్ హమ్మయ్య అనుకుని అమ్మ వైపు తిరిగాడు, ఇక బయల్దేరదామన్నట్టు.

చిదంబరమ్మగారు లేవలేదు.

"ఆ రోజు కూడా ఇంత మెల్లగానే అన్నావా?" అని అడిగారు.

భానుచందర్ అరుగు దిగి, నల్లా దగ్గరి ఆడవాళ్లనీ, దుకాణంలోని మగవాళ్లనీ దాటుకుని, వీధి మధ్యకి వెళ్లి నిలబడ్డాడు.

"అందరూ ఒకసారి వినండి" అన్నాడు, గుట్ట పైదాకా వినపడేలా.